సున్నపు గీత మీద కాలు

ఆ ఆదివారం నా కుడికాలు గీత తొక్కింది. బొటనవేలూ దాని పక్క వేలూ రెండూ తడి సున్నం మీద పడ్డాయి. ఈ మాట చెప్పడానికి నాకు అయిదేళ్ళు పట్టింది. ఆ అయిదేళ్ళలో ఆ ఆట గురించి నేను చెప్పినన్ని కబుర్లు మరి దేని గురించీ చెప్పి ఉండను. అడిగినవాళ్ళకల్లా చెప్పాను, అడగనివాళ్ళకు కూడా చెప్పాను, ఈ ఒక్క మాట తప్ప.

రేణిగుంటలో ఆ ఆట చూసినవాళ్ళు చాలామంది ఇంకా ఉన్నారు. వాళ్ళు చెప్పుకునే కథ వేరు. అందులో నేను మొనగాణ్ణి, ఒక పెద్దమనిషి చూపు మందగించినవాడు. ఆ కథను సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

అప్పుడు యుద్ధం నడుస్తోంది. నాకు ముప్ఫయ్యారేళ్ళు. రైల్వే లోకో షెడ్డులో టైమాఫీసు గుమాస్తాను. ఎవరు ఎన్ని గంటలకు పనిలోకి వచ్చారు, ఎవరు ఏ ఇంజన్ మీద వెళ్ళారు, ఇవే రోజూ నేను రాసేవి. షెడ్డులో ఇంగ్లీషు అర్జీ రాయాలన్నా, వచ్చిన కాగితం చదివి చెప్పాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

స్టేషను వెనక మా ఇన్‌స్టిట్యూట్, అంటే రైల్వేవాళ్ళ క్లబ్బు, ఉండేది. అంతకు ముందు అది దొరలదీ, ఆంగ్లో ఇండియన్ గార్డులదీ, డ్రైవర్లదీ. యుద్ధంలో వాళ్ళలో సగం మంది ఎక్కడెక్కడికో వెళ్ళిపోయేసరికి లోపల ఆడేవాళ్ళు కరువై మాకూ తలుపు తీశారు. అందులో పేకాట బల్లలున్నాయి, పియానో ఉంది. కానీ మమ్మల్ని పట్టుకున్నది పక్కనున్న పొడుగాటి రేకుల పాక. దాంట్లో ఈ చివర నుంచి ఆ చివరకు టేకు పలకలు పరిచిన బాట. ఆ చివర తొమ్మిది కొయ్య బుడ్లు నిలబెడతారు. ఈ చివర నుంచి కొయ్య గుండు దొర్లించి వాటిని పడగొట్టాలి, ఒక్కో వరసలో ఒక్కొక్కరికి మూడు గుండ్లు. దొరలు దానికేదో పేరు చెప్పేవాళ్ళు. మా నోట్లో అది బుడ్ల ఆట అయింది.

ప్రతి ఏడూ చలికాలంలో ఆదివారం మధ్యాహ్నాలు పోటీలు జరిగేవి. ఆరు జట్లు, జట్టుకు నలుగురు. డ్రైవర్ల జట్టు, గార్డుల జట్టు, స్టేషను జట్టు, ఇట్లా. మాది షెడ్డు జట్టు. బాయిలర్ మేస్త్రీ మా పెద్ద. మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడితే లోపలికి వెలుతురు రాదు. నోట్లో ఎప్పుడూ ఆకువక్క ఉండేది. సున్నం రాసుకున్న వేలు చొక్కా జేబుకు తుడుచుకోవడం ఆయన అలవాటు. ఆ ఖాకీ చొక్కాలన్నిటికీ గుండె మీద తెల్ల మరక. రెండోవాడు ఫిట్టరు, సన్నగా పుల్లలా ఉండేవాడు, నోరు మాత్రం ఊరుకునేది కాదు. మూడోవాడు బొగ్గు జమేదారు, రోజుకు పది మాటలు కూడా మాట్లాడడు. నాలుగోవాణ్ణి నేను. మూడేళ్ళుగా మేము ఆరో స్థానంలో ఉన్నాం. మా ఆట రోజు మిగిలిన జట్లవాళ్ళు నవ్వుకోవడానికి వచ్చేవాళ్ళు.

ఆ ఏడు మమ్మల్ని మార్చింది ఫిట్టరు. బండి స్టేషన్లో ఆగినప్పుడు చక్రాలను సుత్తితో తట్టి, మోతను బట్టి పగులు కనిపెడతారు చూడండి, ఆ పని కొన్నాళ్ళు చేశాడు అతను. ఒక సాయంత్రం ఆ సుత్తే తెచ్చి, మోకాళ్ళ మీద పాకుతూ టేకు పలకలన్నీ ఒక్కొక్కటే తట్టాడు.

"ఏమిరా, పలకలకు జొరం వచ్చిందా? నాడి సూస్తా ఉండావే?" అని మేస్త్రీ ఎగతాళి చేశాడు.

"నువ్వు నోరు మూసుకోని ఇనుకోప్పా. ఇదిగో, ఈడ బోలు మోత. ఎడమ పక్క నుంచి మూడో పలక. కింద దూలం దిగిపోయుండాది. గుండు ఈడికి వచ్చిందంటే లోపలికి తిరుగుతాది."

మేము నమ్మలేదు. జమేదారు మాత్రం ఏమీ అనకుండా ఒక గుండు తీసుకుని మూడో పలక మీదుగా వదిలాడు. గుండు నేరుగా పోయి పోయి, మూడు వంతుల దూరం వెళ్ళాక ఎవరో చెవి పట్టి లాగినట్టు కుడికి తిరిగి నడి బుడ్డిని కొట్టింది. ఎనిమిది పడ్డాయి.

ఆ రోజు నుంచి రోజూ పని దిగాక గంటసేపు అదే మా పని. ఎంత బలంగా వేస్తే ఎంత తిరుగుతుంది, వాన పడిన మర్నాడు ఎట్లా ఉంటుంది, నాలుగో పలక మీదుగా వేస్తే ఏమవుతుంది, అన్నీ ఫిట్టరు చెప్పడం, మేము వెయ్యడం. మేస్త్రీ గుండును మెల్లగా వదలడం నేర్చుకున్నాడు. అది ఎంత కష్టమో ఆయన చేతులు చూసినవాళ్ళకే తెలుస్తుంది. మేము వరసగా గార్డులను ఓడించాం, స్టేషన్‌ను ఓడించాం. నవ్వడానికి వచ్చినవాళ్ళు పందెం వేయడానికి రావడం మొదలుపెట్టారు. చివరి ఆదివారానికి మేమూ డ్రైవర్లూ సమానంగా నిలిచాం.

ఇక్కడ రెండు పద్ధతులు చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు.

పలకల బాట మొదట్లో గచ్చు మీద తడి సున్నంతో ఒక గీత వేస్తారు. గుండు వదిలేటప్పుడు కాలు ఆ గీతను తాకితే ఆ గుండు లెక్కలోకి రాదు. గీత పక్కన ఎదుటి జట్టు మనిషి ఒకడు గొంతు కూర్చుని కాలు మాత్రమే చూస్తాడు. తాకితే చెయ్యెత్తి "గీత" అంటాడు. ఇది ఒకటి. పలకలు గీసుకుపోతాయని బూట్లతో ఎక్కనివ్వరు. గుడ్డ బూట్లు ఉన్న దొరలు అవి వేసుకునేవాళ్ళు, మేము ఉత్త కాళ్ళతో ఆడేవాళ్ళం. అందుకని గీత మీద తగాదా వస్తే ఆడినవాడు కాలు ఎత్తి అరికాలు చూపించాలి. సున్నం ఉంటే తప్పు, లేకపోతే ఒప్పు. అంతటితో మాట ముగుస్తుంది. ఇది రెండోది.

ఆ రోజు మా గీత దగ్గర కూర్చున్నది డ్రైవర్ల జట్టులో పెద్దాయన. యాభై దగ్గర పడుతున్న మనిషి. మద్రాసు నుంచి గుంతకల్లు దాకా పాసింజరు బండ్లు నడిపేవాడు. మెయిలు బండి ఇస్తారని ఆ ఏడు అందరూ అనుకుంటున్నారు. చదువు సంతకం వరకే. చూపు మాత్రం పేరున్న చూపు. మలుపు తిరగకముందే, చెట్ల సందులోంచి సిగ్నల్ చెప్పేసేవాడని ఫైర్‌మన్లు చెప్పుకునేవాళ్ళు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి. ఎవరి కాగితం మీదైనా సరే, సంతకం పెట్టే ముందు "ఇందులో ఏముండాదో నిజం సెప్పప్పా" అని అడిగే అలవాటు ఆయనకు.

ఆట గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. ఈ రాత తప్పు ఒప్పుకోవడానికే అయినా, ఆ మధ్యాహ్నం మా నలుగురం ఆడిన ఆట అబద్ధం కాదు. జమేదారు మూడు వరసల్లోనూ ఎనిమిదేసి పడగొట్టాడు. పడిన ప్రతిసారీ చేతులు తొడకు తుడుచుకుని వెనక్కి వచ్చి కూర్చునేవాడు. ఫిట్టరు తన గుండుతో తనే మాట్లాడుతూ వేశాడు. "పోమ్మా, పో, ఎడమ పక్కకు సూడొద్దు, మీ అత్తగారిల్లు కుడి పక్కన ఉండాది." జనం నవ్వడం మానేసి నిలబడ్డారు. మేస్త్రీ ఒక గుండు వేశాక గచ్చు మీద మోకాళ్ళు ఆనించి, అది మూడో పలక దాటేదాకా ఊపిరి బిగబట్టి, తిరగగానే "వచ్చె!" అని అరిచాడు. తొమ్మిదీ పడ్డాయి. మేము ఒకరినొకరం చూసుకోవలసిన పని లేకపోయింది. ఒకడు వేసిన గుండు ఎక్కడికి పోతుందో మిగతా ముగ్గురికీ ముందే తెలిసేది. నా జీవితంలో అట్లా నలుగురిలో ఒకణ్ణి అయిన రోజు అది ఒక్కటే.

డ్రైవర్లు కూడా తక్కువ తినలేదు. చివరి వరస వచ్చేసరికి మేము ఎనిమిది వెనకబడ్డాం. ఆడవలసింది నేను. గెలవాలంటే తొమ్మిదీ పడాలి.

మొదటి గుండుకు అయిదు పడ్డాయి. రెండోదానికి రెండు. మిగిలిన రెండు బుడ్లూ ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. ఒక గుండుతో రెండూ పడే దారి లేదు. ఫిట్టరు నా చెవిలో, "నాలుగో పలక. గట్టిగా వెయ్యి. అంచుకు తగలాల. ఇంగ దేవుడుండాడు" అన్నాడు.

గట్టిగా వేయాలని ఒక అడుగు ఎక్కువ పరుగెత్తాను. ఆ అడుగే.

గుండు వదిలినప్పుడు వేళ్ళకు చల్లగా తగిలింది. అది సున్నమని నా మనసుకు తెలిసేలోపల నా కళ్ళు బుడ్ల మీదికి పోయాయి. గుండు కుడి బుడ్డి అంచును కొట్టింది. బుడ్డి లేచి, పడుకుని, గిరగిరా తిరుగుతూ అడ్డంగా దొర్లి వెళ్ళి ఎడమ బుడ్డి కాలు మీద పడింది. ఎడమది ఊగింది. ఒకసారి నిలబడుతుందేమో అనిపించింది. ఆ పైన పడింది.

పాక పైకప్పు రేకులు అదిరిపోయాయి. అందరూ బుడ్లను చూశారు. ఒక్క మనిషి మాత్రం నా కాలును చూశాడు.

ఇది జరిగిన క్షణంలోనే మేస్త్రీ నన్ను నడుము పట్టి లేపి భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. జనం గచ్చు మీదికి దూకారు, గంతులేశారు. కింద గీత కనిపించకుండా పోయింది, తొక్కి తొక్కి అందరి పాదాలూ తెల్లబడ్డాయి. నేను పైన ఉన్నాను. నా కాళ్ళు మేస్త్రీ గుండెల మీదికి వేలాడుతున్నాయి. అప్పుడు కిందికి చూసుకుంటే కుడికాలి బొటనవేలు కణుపు దాకా తెల్లగా ఉంది.

దిగుదామంటే మేస్త్రీ నా రెండు చీలమండలూ పట్టుకున్నాడు. ఆ చేతులు బాయిలర్ రివెట్లు బిగించిన చేతులు. "దించన్నా" అన్నాను. "దించేదే లేదు! స్టేషను దాకా ఇట్లే పోదాం!" అన్నాడు. జనం తలల మీదుగా చూస్తే గీత ఉండిన చోట డ్రైవరు అట్లాగే గొంతు కూర్చుని ఉన్నాడు. చెయ్యి పైకి ఎత్తి ఉంది. దింపడం మరిచిపోయిన సిగ్నల్‌లా ఆ చెయ్యి అట్లాగే నిలబడి ఉంది.

నేను కాలును మేస్త్రీ చొక్కా జేబుకు రాశాను. రెండుసార్లు. ఎందుకు రాశానో అప్పుడు ఆలోచించలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. ఆలోచించాను. దిగాక చెబుదాం, ఇప్పుడు ఈ కాలు ఎవరికీ కనపడకూడదు అని ఆలోచించాను.

కేకలు తగ్గాక ఆ చెయ్యి అందరికీ కనిపించింది. ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీ దొర వచ్చాడు. పింఛను తీసుకుంటున్న ఆంగ్లో ఇండియన్ గార్డు ఆయన, బుడ్ల దగ్గర నిలబడి లెక్క చూసేవాడు.

"ఏమప్పా, చెయ్యి ఏంటికి?"

"గీత" అన్నాడు డ్రైవరు. "కాలు పడింది దొరా. నేను సూసినాను."

సెక్రటరీ నేల వైపు చూశాడు. అక్కడ చూడ్డానికి ఏమీ మిగల్లేదు. ఆ గచ్చు మీద నేల తాకని పాదాలు నావి రెండే.

"కాలు చూపించు మ్యాన్" అన్నాడు నాతో.

మేస్త్రీ భుజాల మీద కూర్చునే కుడికాలు చాపాను. దొర వంగి చూశాడు. శుభ్రంగా ఉంది. నోరు తెరవడానికి నాకు ఒక ఊపిరి తీసేంత సమయం దొరికింది. ఆ ఊపిరి నేను వృథా చేశాను. ఆ వెంటనే నా కింద ఉన్న మనిషి ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు, ఆ నవ్వు నా తొడలకు తెలిసింది.

"ఆయప్ప సొక్కా సూడండి దొరా" అన్నాడు డ్రైవరు. "జేబు మీద తెలుపు ఉండాది. కాలు ఆడ తుడిసినాడు."

దాంతో నవ్వు పాకంతా పాకింది. "మేస్త్రీ జేబు ఎప్పుడు తెల్లగా లేదప్పా? ఆయన పుట్టిందే సున్నం డబ్బీతో!" అన్నాడు ఫిట్టరు. ఇంకెవరో వెనక నుంచి, "అన్నా, ఓడితే ఓడినారు, కండ్లద్దాలన్నా పెట్టుకోండి!" అన్నారు. డ్రైవర్లు కూడా నవ్వారు, వాళ్ళ మనిషే అయినా. డ్రైవరు నా ముఖంలోకి చూశాడు. నేను బుడ్ల వైపు చూశాను. ఆయన చెయ్యి మెల్లగా దింపాడు.

దిగాక చెబుదామనుకున్నాను కదా. దిగేసరికి మెడలో పూలదండ ఉంది. దండ తీశాక చెబుదామనుకుంటే ఇంటి దగ్గర మా ఆవిడకు అప్పటికే ఎవరో చెప్పేశారు. మర్నాడు చెబుదామనుకుంటే మర్నాడు మా జట్టుకు ఫోటో తీశారు. ఒక్కొక్క రోజు దాటేకొద్దీ చెప్పవలసింది పెరిగింది. మొదటి రోజు అయితే కాలు తొక్కింది అంటే సరిపోయేది. మూడో రోజుకు మూడు రోజులు ఎందుకు దాచావు అనేదానికి కూడా జవాబు కావలసి వచ్చింది.

వెండిపూత కప్పు ఒకటి ఇచ్చారు. షెడ్డులో తాళం ఉన్న గది టైమాఫీసు ఒక్కటే కాబట్టి మేస్త్రీ దాన్ని తెచ్చి నా కుర్చీ వెనక అలమర మీద పెట్టాడు. "నువ్వు తెచ్చిందే కదప్పా, నీ నెత్తినే ఉండనీ" అన్నాడు. నేను రాసుకుంటుంటే దాని నీడ కాగితం మీద పడేది. కొత్తగా పనిలో చేరినవాడెవడైనా హాజరు వేయించుకోవడానికి వస్తే, వెనకే ఫిట్టరు వచ్చి ఆ చివరి గుండు కథ మొదలుపెట్టేవాడు. ఎడమ బుడ్డి ఊగింది అనే చోట ఆగి నా వైపు చూసేవాడు. పడింది అనే మాట నేను చెప్పాలి. అది పద్ధతి అయిపోయింది. చెప్పేవాణ్ణి.

డ్రైవరు ఆ తర్వాత ఇన్‌స్టిట్యూట్‌కు రాలేదు. ఎగతాళి మాత్రం షెడ్డు దాకా వచ్చింది. ఆయన ఇంజన్ ఎక్కుతుంటే ఫైర్‌మన్లు, "అన్నా, సిగ్నల్ పచ్చదేనా, మా గుమాస్తా కాలు మాదిరేనా?" అనేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. నెల తిరక్క ముందే ఆ నవ్వు పోయింది. మెల్లగా ఒక మాట వినిపించడం మొదలైంది. ఆయన సిగ్నల్ చూసి కూడా ఫైర్‌మన్‌ను అడుగుతున్నాడట. "పచ్చేనా?" అని. చెట్ల సందులోంచి సిగ్నల్ చెప్పేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం టైమాఫీసుకు వచ్చాడు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. బెంచీ మీద కూర్చున్నాడు.

"ఒక అర్జీ రాయాలప్పా" అన్నాడు. "నన్ను లైను మీద నుంచి తీసేసి షెడ్డులో షంటింగు ఇమ్మని."

నా కలం ఆగిపోయింది. "ఏంటికన్నా? నీకు మెయిలు ఇస్తారంటా ఉండారే."

"కండ్ల మీద నమ్మకం పోయింది."

"డాక్టరు దగ్గరికి పోయినావా?"

"పోయినాను. గోడ మీద అచ్చరాలు, రంగులు సెప్పమని ఊలు దారాలు, అన్నీ సూపించినాడు. బాగుండాది పో అన్నాడు. అచ్చరాలు ఆడనే నిలబడుకోనుంటాయి కదప్పా. ఎవురైనా సూస్తారు. కదిలేదాన్ని సూసేదాంట్లో నా కన్ను తప్పింది. లేనిదాన్ని ఉన్నట్టు సూసింది. రేపు ఎర్ర సిగ్నల్‌ను పచ్చగా సూస్తే? నా ఎనక ఎన్ని పెట్టెలుంటాయో, ఎంతమంది పిల్లోల్లు గలోల్లు ఉంటారో నీకు తెలీదా?"

నేను ఏదో అన్నాను. నీ చూపు బాగానే ఉంది, ఊరికే బెంగ పెట్టుకోవద్దు, అట్లాంటివి. ఆయన విన్నాడు. తర్వాత ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అట్లయితే ఒక్క మాట సెప్పు. ఎవురికీ సెప్పను, నా బిడ్డల మీద ఆన. ఆ పొద్దు నీ కాలు గీత మీద పడిందా, లేదా?"

ఆ గదికి ఒకే తలుపు. తలుపుకూ నాకూ మధ్య ఆయన. నా వెనక కప్పు. బయట మేస్త్రీ సుత్తి మోత వినిపిస్తోంది. చెబితే అది ఆ గది దాటి పోదని నాకు తెలుసు. ఆయన ఆన వేస్తే తప్పే మనిషి కాదు. అయినా నా నోటికి వచ్చింది ఒక్కటే మాట.

"లేదన్నా."

ఆయన తల ఊపాడు. "సరే. రాయి ఇంగ."

రాశాను. చూపు మీద నమ్మకం తగ్గినందువల్ల ప్రయాణికుల క్షేమం కోరి ఈ మనవి చేసుకుంటున్నానని, మంచి ఇంగ్లీషులో, కొట్టివేత ఒక్కటి లేకుండా రాశాను. ఆయన కలం తీసుకుని, సంతకం పెట్టే ముందు ఎప్పటిలా అడిగాడు. "ఇందులో ఏముండాదో నిజం సెప్పప్పా." చదివి చెప్పాను. కాగితంలో ఉన్నది ఉన్నట్టే చెప్పాను. సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా ఆ అర్జీ మంజూరై మళ్ళీ నా బల్ల మీదికే వచ్చింది. ఆయన పేరు లైను పట్టీలోంచి కొట్టేసి షంటింగు పట్టీలో రాసింది నేనే. అప్పటి నుంచి రోజూ నా కిటికీ ముందర బొగ్గు పెట్టెలు ముందుకూ వెనక్కూ తోస్తూ తిరిగేవాడు. పాసింజరు బండి కూత వేసి వెళుతుంటే ఇంజన్ ఆపి, అది మలుపు తిరిగేదాకా చూసేవాడు. నాలుగేళ్ళు ఆ కిటికీ దగ్గర కూర్చున్నాను. బదిలీ అడగవచ్చు కదా అంటారేమో. అడిగాను. ఇవ్వలేదు. ఇవ్వనందుకు లోపల ఎక్కడో నాకు తగిన శాస్తే జరిగిందనిపించింది.

నిరుడు ఆయన వయసు నిండకముందే పని మానుకుని, సొంత ఊరు చిత్తూరు వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు అందరితో చెప్పి నా దగ్గరికీ వచ్చాడు. "నీ చేత్తో శానా కాగితాలు రాయించుకున్నానప్పా. బాగుండు" అన్నాడు. ఆయన ఎదురుగా లేకపోతే నా బాధ తగ్గుతుందనుకున్నాను. కిటికీలోంచి చూస్తే వేరే మనిషి ఎవరో బొగ్గు పెట్టెలు తోస్తున్నాడు. అయినా నేను చూడడం మానలేకపోయాను.

మూడు నెలల క్రితం ఒక ఆదివారం పొద్దున పాకాల మీదుగా చిత్తూరు వెళ్ళాను. ఎందుకు వెళుతున్నానో మా ఆవిడకు కూడా చెప్పలేదు. నీవా ఏటికి ఇవతల ఒక సందులో ఇల్లు. వాకిట్లో నీడన మంచం మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. వట్టి కళ్ళతో, ఆవగింజంత నల్లరాళ్ళు ఏరి పక్కన కుప్ప పోస్తున్నాడు.

"ఎవురూ, గుమాస్తానా? రాప్పా రా!" సందు మొదట్లో ఉండగానే గుర్తుపట్టాడు. "ఏమే, రేణిగుంట నుంచి మనిషొచ్చినాడు, మజ్జిగ తే!"

మజ్జిగ వచ్చింది. షెడ్డు కబుర్లు అడిగాడు. మేస్త్రీ, ఫిట్టరు, కొత్తగా వచ్చిన ఇంజన్లు. నేను వచ్చిన పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆకువక్క పళ్ళెం జరిపాడు. ఆకు తీసుకుని సున్నం డబ్బీలో వేలు పెట్టాను. వేలికి తెల్లగా అంటింది. దాన్ని ఆకుకు రాయలేకపోయాను.

"అన్నా" అన్నాను. "ఆ పొద్దు నా బొటనవేలు ఇట్లనే ఉండింది."

ఆయన చేట పక్కన పెట్టాడు. లోపల ఆయన భార్య గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"ఎంత మేర?"

"ఏమన్నా?"

"ఎంత మేర పడింది? గోరు మేరా, కణుపు మేరా?"

"కణుపు దాకా. పక్క వేలు కూడా తాకింది."

"పక్క వేలు కూడా" అన్నాడు నెమ్మదిగా. "అవును. రెండు వేళ్ళు. నేను సూసిందీ అదే." నుదుటి మీది కళ్ళద్దాలు తీసి వాటి వైపు చూశాడు. "ఇవి పెట్టుకుంటే నాకేమీ అగుపించదప్పా. డాక్టరు వద్దన్నా కొన్నాను. నాలుగేండ్లు సిగ్నల్ సూసి, పిల్లోడి వయసు ఫైర్‌మన్ను అడుక్కున్నాను, పచ్చా ఎరుపా అని."

నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను. పట్టుకుని ఆపాడు. కోపం అప్పుడు వచ్చింది ఆయనకు.

"ఈడ వద్దు. ఈ వాకిట్లో నువ్వు నేను తప్ప ఎవురుండారు? నేను చెయ్యెత్తింది ఎంతమంది ముందర? నవ్వింది ఎంతమంది? ఆడ సెప్పు. గీత కాడ సెప్పు. నేను వచ్చి కూసుంటాను."

మజ్జిగ గ్లాసు ఖాళీ చేసి వెళ్ళమన్నాడు. చేశాను.

చలికాలం పోటీలు మొదలయ్యాక, పోయిన ఆదివారం వచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆట షెడ్డుకూ గార్డులకూ. మేము మొదలుపెట్టకముందే నేను అలమర మీది కప్పు తెచ్చి సెక్రటరీ బల్ల మీద పెట్టి, ఒక మాట చెప్పుకోవాలన్నాను. మేస్త్రీ, "ఏమిరా, కప్పుకు పూజ సేస్తావా?" అని నవ్వాడు. ఫిట్టరు కథ మొదలుపెట్టడానికి గొంతు సవరించుకున్నాడు. నేను చెప్పులు విప్పి గచ్చు మీదికి వెళ్ళాను. తడి సున్నం అప్పుడే వేసి ఉంది. దాని పక్కన పెద్దాయన వచ్చి, మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా గొంతు కూర్చున్నాడు. ఎవరి వైపూ చూడలేదు. ఆ రోజులాగే చెయ్యి పైకెత్తాడు. పాకలో నవ్వు ఆగింది.

నేను గుండు తీసుకోలేదు. ఉత్త కాలు గీత మీద పెట్టి తీసి, సెక్రటరీకీ, మేస్త్రీకీ, ఫిట్టరుకూ, జమేదారుకూ, నిలబడ్డ అందరికీ అరికాలు ఎత్తి చూపించాను. ఆ పైన ఆ చెయ్యి వైపు తిరిగాను.

"ఆ పొద్దు నా కాలు ఇట్లనే ఉండిందన్నా. ఈ మేస్త్రీ జేబుకు నేనే తుడిసినాను. ఓడింది మేము. నీ కన్ను ఏమీ తప్పు సూడలేదు. నువ్వు నన్ను అడిగినప్పుడు కూడా లేదని అబద్ధం సెప్పి, నా చేత్తోనే అర్జీ రాసి నిన్ను ఇంజన్ మీద నుంచి దించినాను. నేను తప్పు సేసినాను. నన్ను మన్నించన్నా."